సందువకి కట్టిన పటం

ఆ మట్ట ఇటు లాగండ్రా, పొగంతా నా కళ్లలోకే వస్తోంది. ఆఁ, ఇప్పుడు కూచోండి. మన అమ్మడు కొత్త ఫ్లాటు గోడలకి పాతకాలం చేపల బొమ్మలు కొంటానంటోంది గదా, ఆ ముచ్చటే చెప్తాను.

వన్‌టౌన్లో మన పటాల కొట్టుకి ఏటొచ్చీవి? లక్ష్మీదేవి, వెంకటేశ్వరస్వామి, పోయినవాళ్ల ఫొటోలు, పెళ్లి ఫొటోలు. ఓనాడు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారొకాయన రెండట్టల మధ్య పెట్టి ఓ కాగితం తెచ్చారు. తీసి చూస్తే చేప. రంగు లేదు, ఉత్త నల్ల గీతలే. సందువ. తెల్ల సందువ! పొట్ట దగ్గర గీతలు పల్చగా, వీపు దగ్గర ఒత్తుగా వేసి, ఒళ్లు గుండ్రంగా తేలేట్టు తీశాడు. నేను నోరు తెరుచుకుని చూస్తోంటే మాస్టారు నవ్వి, "ఇది మన విశాఖపట్నం చేపేనయ్యా, లండన్ పోయి అచ్చై వచ్చింది" అన్నారు.

సంగతేటంటే, పాట్రిక్ రస్సెల్ అని ఓ దొర ఉండేవాడు. వైద్యుడు. అంతకు ముందు అలెప్పోలో ప్లేగు రోగులకి మందిచ్చినవాడు. తమ్ముడు క్లాడ్‌కి ఇక్కడ ఈస్టిండియా కంపెనీలో పెద్ద ఉద్యోగం వస్తే 1781లో ఆయనతో పాటు తనూ వచ్చాడు. కంపెనీ తరఫున చెట్టూ చేమా పురుగూ పుట్రా చూసే కోనిగ్ దొర 1785లో పోతే, ఆ పని ఈయనకిచ్చారు. పాముల మీద పుస్తకం రాశాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఈయన పేరే. చేపల పుస్తకం మాత్రం ఇంటికెళ్లిపోయాక, 1803లో వచ్చింది. రెండు సంపుటాలు, రెండొందల చేపలు, విశాఖపట్నంలో సేకరించినవని పుస్తకం పేరులోనే ఉంటుంది. చేపల పేర్లు ఎవర్నడిగి రాసుకున్నాడనుకున్నారు? నల్ల సందువ, తెల్ల సందువ, సొర... ఇంగ్లీషు అక్షరాల్లో మన జాలరోళ్ల మాటలే. పట్టుకుంటే చెయ్యి జిల్లుమనే టేకుచేపకి తిమ్మిరి అనే రాశాడు. వలలు లాగినవాళ్లు చెప్పకపోతే దొరకెలా తెలుస్తుంది?

బొమ్మలు తీసింది కూడా దొర కాదు. ఇక్కడి చిత్రకారుడే. పామునీ ఆకునీ దాచి నిదానంగా తీసుకోవచ్చు. చేప అలా కాదు. ఒడ్డున పడ్డ కాసేపటికే మెరుపు పోతుంది, కన్ను లోపలికి దిగిపోతుంది. మన ఎండకి రెండు గంటలు ఆగితే ముక్కు మూసుకోవాల్సిందే. ఈ లోపలే ముళ్లు లెక్కపెట్టాలి, రెక్కలు విప్పి చూడాలి, కొలత తప్పకుండా కాగితం మీద పెట్టాలి. ఆ పని చేసినాయన పేరేటని అడిగితే మాస్టారు తల అడ్డంగా ఊపారు. నాకు అక్కడే గుచ్చుకుంది. గంగలో చేపల మీద 1822లో పుస్తకం వేసిన హామిల్టన్ దొర దగ్గర పనిచేసిన బెంగాలీ చిత్రకారుడి పేరు హలూదార్ అని ఈ రోజుకీ చెప్పుకుంటారు. మనవాడికి ఆ పాటి రాత కూడా లేదు.

ఈ లెక్కన బెర్లిన్‌లో బ్లోఖ్ అనే వైద్యుడి పుస్తకం చూడాలి. పంతొమ్మిదేళ్లదాకా జర్మన్ భాషే రాని మనిషి, 1782 నుంచి 1795 దాకా పన్నెండు సంపుటాలు వేశాడు. 432 బొమ్మలు, అన్నీ చేత్తో రంగులద్దినవి, కొన్నిటికి పొలుసుల మీద వెండి పూత. మన దక్షిణాన తరంగంబాడి పాదిరీ కూడా ఆయనకి చేపలు పంపాడు. డబ్బు చాలక, ఖర్చిచ్చిన పెద్దమనిషి పేరు బొమ్మ కింద వేయించాడు. గీసినవాడి పేరూ, రాగి రేకు చెక్కినవాడి పేరూ కూడా పక్కనే ఉంటాయి. గోడకి వేలాడేవాటిలో ఎక్కువ ఇవే. అందం విషయంలో నేనేం అనను. కానీ గోడ నాదైతే మాత్రం సందువే.

చేపల పుస్తకాలంటే డబ్బు మింగేవే ఆ రోజుల్లో. లండన్‌లో రాయల్ సొసైటీ వాళ్లు 1686లో విల్లబీ గారి చేపల పుస్తకం వేసి, అమ్ముడుపోక చతికిలబడ్డారు. మరుసటేడు న్యూటన్ మహాశయుడి ప్రిన్సిపియాకి పైసా లేదు. హేలీ, అదే తోకచుక్క హేలీ, తన జేబులోంచి పెట్టి అచ్చేయించాడు. ఆయనకి జీతం ఏటిచ్చారో తెలుసా? అమ్ముడుపోని ఆ చేపల పుస్తకాలే! నవ్వకండ్రా, నిజం.

సరే అమ్మడూ, కొనీటప్పుడు చూసుకోవాల్సింది చెప్తాను. అసలు రాగిరేకు అచ్చైతే బొమ్మ చుట్టూ నలుచదరంగా నొక్కు ఉంటుంది. కాగితాన్ని రేకు మీద పెట్టి గట్టిగా ఒత్తుతారు గదా, ఆ అంచు దిగబడుతుంది. కళ్లు మూసుకుని వేలి కొసతో రాస్తే తెలుస్తుంది, పిండిలో గ్లాసు బోర్లించి తీసినట్టు. అంచు కత్తిరించేసి ఉంటే అది దొరకదు. అప్పుడు భూతద్దం పెట్టి చూడు. గీత గీతగానే ఉంటే మంచిది, చుక్కలు చుక్కలుగా ఉంటే ఈ మధ్య యంత్రం మీద తీసిన నకలు. నకలైతే నకలు ధరకి కొనుక్కో, తప్పేం లేదు. అసలు పేరుతో అమ్మితేనే గొడవ. ఇంకోటి, నిండు పుస్తకాన్ని విప్పి రేకు రేకుగా అమ్మే వ్యాపారం నాకు మొదట్నుంచీ గిట్టదు.

మాస్టారి సందువ మన కొట్టు బయట బల్లమీద ఉన్నప్పుడు పెదజాలరిపేట నుంచి చేపల బుట్ట నెత్తినెట్టుకుని వచ్చే అప్పమ్మ ఆగి చూసింది. "ఈ సందువ ఎక్కడిది బాబూ, రెక్క కొస ఇరక్కుండా తీసేడు. వల్లోంచి ఇలా రాదే" అంది. మాస్టారు ఆ మాట కాగితం మీద రాసుకున్నారు.

పటం కట్టించీటప్పుడు అద్దం కాగితాన్ని తగలకూడదు, మధ్యన మౌంటు ఉండాలి. మన ఉప్పుగాలికి అంటుకుందంటే ఊడదీసినప్పుడు బొమ్మ అద్దానికే పోతుంది. వెనకాల మామూలు అట్ట పెట్టనివ్వకు, గోధుమరంగు దిగుతుంది. నీ హాల్లో పడమటి కిటికీ ఎదురు గోడ ఉంది చూడు, దానికి మాత్రం వద్దు, సాయంత్రం ఎండ పడి వెలిసిపోతుంది. లోపలి గోడకి, ఒక మేకు కాదు, రెండు కొక్కేలు కొట్టించు. పటం కట్టేవాడు ఎంత అడుగుతాడో నాకు చెప్పు, తర్వాత మాట్లాడదాం.