బిలిమోరా – వఘాయి: అడవి దారిన చిన్న రైలు

వడోద్ వంటి శివారు గ్రామాలను కలుపుకొని విస్తరించిన సూరత్ నగరం తెలుగువారికి కొత్తది కాదు. తెలంగాణ నుండి వెళ్ళిన నేతకారుల కుటుంబాలెన్నో అక్కడ స్థిరపడ్డాయి. ఆ నగరానికి దక్షిణంగా, ముంబయి ప్రధాన మార్గంలో, అంబికా నది చేరువన బిలిమోరా అనే చిన్న పట్టణమున్నది. పెద్ద రైళ్ళ రద్దీ నడుమ అక్కడ నుండే రెండున్నర అడుగుల వెడల్పు గల పట్టాలపై ఒక చిన్న రైలు డాంగ్ అడవుల అంచున గల వఘాయికి బయలుదేరేది. దూరం 63 కిలోమీటర్లు. ప్రయాణం సుమారు మూడు గంటలు.

నారోగేజి మార్గాలు బరోడా సంస్థానానికి వంశపారంపర్య విద్య వంటివి. 1862లో ఖండేరావు గాయక్వాడ్ కాలంలో డభోయి, మియాగాంల నడుమ మొదటి మార్గం వేసినప్పుడు బండ్లను లాగినవి ఎద్దులు. మరుసటి ఏడు ఆవిరి యంత్రాలను తెప్పించినా తేలికపాటి పట్టాలు వాటి బరువును మోయలేకపోయాయి. పట్టాలు మార్చేవరకు ఎద్దులే దిక్కయినవి. సంస్థానపు రైల్వే ఎద్దులతో ఆరంభమైనదంటే నేటివారికి నవ్వు రావచ్చును గాని, చేతనున్న సాధనంతో పని మొదలుపెట్టిన పాలనాదక్షత అందులో కనిపిస్తుంది.

మూడవ సయాజీరావు పాలనలో, 1913 నాటికి, బిలిమోరా మార్గం వచ్చింది. దీని ప్రయోజనం స్పష్టం: డాంగ్ టేకును ప్రధాన మార్గానికి చేర్చడం. గణదేవి, అనావల్, ఉనాయి, కాలా ఆంబ్, డుంగర్డా మీదుగా సాగే ఈ దారిలో కలప తగ్గినకొద్దీ మనుషులు పెరిగారు. సంతకు, కూలికి, ఉనాయి వేడినీటి బుగ్గల యాత్రకు వెళ్ళే గిరిజనులకు ఇదే చవకైన వాహనమయింది. కాపలాలేని గేట్ల వద్ద బండి ఆగడం, సిబ్బంది దిగి గేటు వేసి, బండి దాటాక తీసి, మళ్ళీ ఎక్కడం ఇక్కడ విశేషం కాదు, దినచర్య.

2018లో రైల్వేశాఖ గుజరాత్‌లో ఈ మార్గంతో సహా అయిదు నారోగేజి మార్గాలను, మొత్తం 204 కిలోమీటర్లను, వారసత్వంగా కాపాడాలని నిర్ణయించింది. 2020లో మహమ్మారి కారణంగా రైలు ఆగింది. అదే సంవత్సరం డిసెంబరులో లాభసాటికాని గుజరాత్ శాఖా మార్గాలను మూసివేయాలన్న లేఖ వెలువడింది. అందులో ఈ మార్గమూ ఉన్నది! రెండేళ్ళ క్రిందట వారసత్వమైనది రెండేళ్ళలో భారమయింది. స్థానికులు అభ్యంతరం తెలిపారు. 2021 సెప్టెంబరు 4న రైలు తిరిగి కదిలింది, ఈసారి పర్యాటకుల కోసం పెద్ద కిటికీల శీతల పెట్టెతో.

ఇటలీలోని టస్కనీలో అషానో – మోంతే అంతీకో మార్గం మరో విధంగా నిలిచింది. 1994లో సాధారణ ప్రయాణికుల రైళ్ళు ఆగిపోగా, పూర్వకాలపు బండ్లు మాత్రం విహారానికి నడిచాయి. అటువంటి మార్గాల కోసం ఆ దేశం 2017లో ప్రత్యేక చట్టమే చేసింది. చిన్న స్టేషన్ల గోడలు నిలిచినవి గాని, అక్కడ నిత్యం ఎక్కి దిగే ఊరివారు లేరు.

బిలిమోరా సంగతి అట్లా కాలేదు. శీతల పెట్టె వెనుకనో ముందునో సామాన్యుల పెట్టెలూ కదిలాయి. పర్యాటకుని టిక్కెట్టు రైలును నిలపడానికి తోడ్పడితే మంచిదే. కాని చిల్లర డబ్బుతో ఎక్కే డాంగ్ కూలీకి అందులో చోటు తగ్గితే, కాపాడినది ఇనుమును మాత్రమే అవుతుంది.