ఖాళీ పలక ఊరికే రాదు

మార్కాపురంలో పలకల పనిలోనే బతుకంతా గడిపిన మా పెదనాన్నకి ఇప్పుడు పార్కిన్సన్స్ జబ్బు. చెయ్యి వణుకుతుంది, గ్లాసు పట్టుకోవడం కూడా కష్టమే. పోయినసారి ఊరెళ్ళినప్పుడు ఒక కరపత్రం నా చేతిలో పెట్టాడు. స్టెమ్ సెల్స్ ఖాళీ పలకల్లాంటివట, ఒంట్లోకి ఎక్కిస్తే ఎక్కడ ఏ కణం కావాలో ఆ కణంగా మారిపోతాయట. "నిజమేనా నాయనా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, "అయినా ఖాళీ పలక ఊరికే వస్తదా? రాయి తవ్వాల, పొరలుగా చీల్చాల, కొయ్యాల, నున్నగా రుద్దాల" అన్నాడు.

ఆయన మొదటి ప్రశ్నకి జవాబు వెతుకుతూ చదవడం మొదలుపెట్టాను. తీరా చూస్తే ఈ శాస్త్రం దాదాపు ముప్ఫై ఏళ్ళు కుస్తీ పట్టింది ఆయన రెండో ప్రశ్నతోనే.

1981లో కేంబ్రిడ్జ్‌లో మార్టిన్ ఎవాన్స్, మాథ్యూ కాఫ్‌మన్, వాళ్ళతో సంబంధం లేకుండా శాన్‌ఫ్రాన్సిస్కోలో గెయిల్ మార్టిన్, చిట్టెలుక పిండం నుంచి మూలకణాలు తీసి ప్రయోగశాలలో పెంచారు. శరీరంలో ఏ కణంగానైనా మారగల కణాలివి. అయితే వాటిని ఒంటరిగా వదిలేస్తే ఖాళీగా ఉండవు. తోచినట్టు నాడీకణాలో, గుండెకణాలో అయిపోతాయి. మూలకణాలుగానే ఉండాలంటే కింద వేరే కణాల పరుపు ఒకటి పరవాలి. ఆ పరుపు వాటికి ఏం చెబుతోందో అప్పటికి ఎవరికీ తెలియదు.

తెలిసింది 1988లో. ఆస్టిన్ స్మిత్ బృందం, మరో బృందం ఒకేసారి నేచర్ పత్రికలో ప్రకటించాయి: ఆ సందేశం మోసుకొచ్చేది ఎల్ఐఎఫ్ అనే ప్రోటీన్. అది కణం పైపొరలోని గ్రాహకాన్ని పట్టుకుంటుంది. దాంతో లోపల స్టాట్3 అనే ప్రోటీన్ మేలుకుని కేంద్రకంలోకి వెళ్ళి, మూలకణంగా ఉంచే జన్యువులను నడిపిస్తుంది. ఇందులో ఒక తమాషా ఉంది. ఎల్ఐఎఫ్ అంటే లుకేమియా ఇన్హిబిటరీ ఫ్యాక్టర్. మెల్‌బోర్న్‌లో దానికి ఆ పేరు పెట్టింది, ఒక రకం లుకేమియా కణాలను అది పరిణతి చెందేలా చేస్తుందని. అంటే ఒక కణానికి "ఎదుగు" అని వినిపించే మాటే ఇంకో కణానికి "ఇలాగే ఉండు" అని వినిపిస్తోంది. సాహిత్యం చదివేవాళ్ళకి ఇది కొత్త కాదు. అర్థం సగం పాఠకుడి దగ్గరే ఉంటుంది కదా.

ఇలా ఖాళీగా ఉంచగలిగితేనే పలక మీద రాయడం కుదురుతుంది. రాసినవాళ్ళలో మన తెలుగాయన ఉన్నారు. కాకినాడలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, అమెరికా వెళ్ళిన రాజు కూచర్లపాటి. క్రోమోజోములో కోరుకున్న చోటే డీఎన్ఏని చొప్పించవచ్చని మానవ కణాల్లో చూపించిన 1985 నాటి నేచర్ వ్యాసంలో ఆలివర్ స్మితీస్‌తో పాటు ఆయన పేరు ఉంది. ఆ పద్ధతిని చిట్టెలుక మూలకణాలకు తీసుకెళ్ళినందుకు స్మితీస్, మారియో కాపెక్కి, ఎవాన్స్‌లకు 2007లో నోబెల్ వచ్చింది. కూచర్లపాటి వ్యవస్థాపకుల్లో ఒకరైన అబ్జెనిక్స్ కంపెనీ, మూలకణాల్లో మార్పులు చేసి, మానవ యాంటీబాడీలు తయారుచేసే చిట్టెలుకలను వాడింది. పెద్దపేగు కేన్సర్‌కి 2006లో అమెరికాలో అనుమతి పొందిన పానిటుముమాబ్ ఆ చిట్టెలుకల నుంచి వచ్చిందే.

అసలు ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఖాళీగా ఉండమని కణానికి ఎవరో ఒకరు చెబుతూనే ఉండాలా?

ఎల్ఐఎఫ్ జన్యువు లేని పిండం కూడా మామూలుగానే పెరుగుతుందని తర్వాత తేలింది. పిండం గర్భసంచికి అంటుకోవాలంటే తల్లి దగ్గర మాత్రం అది ఉండాల్సిందే. చిట్టెలుక తల్లి పాలిచ్చే రోజుల్లో మళ్ళీ గర్భం దాలిస్తే ఆ పిండం అంటుకోకుండా ఆగి ఎదురుచూస్తుంది. ఈ తరహా సందేశాలు అందుకోలేని పిండాలు అలా ఆగిన తర్వాత మళ్ళీ కోలుకోలేవని 2001లో చూశారు. ఎవాన్స్, కాఫ్‌మన్ 1981లో వాడినవి కూడా ఇలా ఆపి ఉంచిన పిండాలే.

2008లో స్మిత్ బృందమే ప్రశ్నను తిరగేసింది. మూలకణం ఎఫ్‌జీఎఫ్4 అనే ప్రోటీన్‌ని తనే తయారుచేసుకుంటుంది. "మారిపో" అనే పోరు పెట్టేది అదే. ఆ పోరు లోపలికి చేరే ఈఆర్‌కే దారిని ఒక మందుతో మూసి, సీహెచ్ఐఆర్99021 అనే రెండో మందు కలిపితే, స్టాట్3 లేని కణాలు కూడా మూలకణాలుగానే ఉండిపోయాయి. కోడ్ రాసేవాడిగా నాకిది బాగా తెలిసిన సంగతే. బయటి నుంచి ఏ ఆదేశం పోతోందో వెతుకుతూ రోజులు గడుపుతాం, ప్రోగ్రామ్ తనకు తనే మెసేజ్ పంపుకుంటోందని చివర్లో తెలుస్తుంది. అంతవరకూ లొంగని పెద్ద ఎలుకల నుంచి కూడా అదే ఏడాది, ఈ పద్ధతితోనే మూలకణాలు తీయగలిగారు.

మనిషి దగ్గరికొచ్చేసరికి పాఠం మళ్ళీ మారింది. 1998లో జేమ్స్ థామ్సన్ తీసిన మానవ పిండ మూలకణాలను ఎల్ఐఎఫ్ నిలబెట్టలేదు. చిట్టెలుక కణాన్ని మార్చేసే ఎఫ్‌జీఎఫ్ కుటుంబపు ప్రోటీనే ఇక్కడ కణాన్ని మారకుండా కాపాడుతుంది.

కరపత్రం తప్పు ఎక్కడుందో నాకు ఇప్పుడు తెలిసింది. ఈ కణాలు వెళ్ళిన చోటుని చూసి తగినట్టు మారిపోవు. చిట్టెలుక తొలిదశ పిండంలో పెడితే శరీరంలో కలిసిపోయే మూలకణాలే, పెద్ద చిట్టెలుక చర్మం కింద పెడితే టెరటోమా అనే కణితి అవుతాయి. ఏ సందేశం, ఏ మోతాదులో, ఏ రోజున అన్నదే అంతా. చిట్టెలుక కణాలను ఖాళీగా ఉంచిన ఆ సీహెచ్ఐఆర్ మందే, సరైన మోతాదులో, మిగతా సంకేతాలతో కలిపి ఇస్తే మానవ కణాలను డోపమిన్ నాడీకణాలుగా మలుస్తుంది. పార్కిన్సన్స్‌లో నశించేవి సరిగ్గా ఆ కణాలే. పిండ మూలకణాల నుంచి ముందే ఆ దారి పట్టించిన కణాలను 12 మంది రోగుల మెదడులో పెట్టిన ప్రయోగం ఫలితాలు 2025 ఏప్రిల్‌లో నేచర్‌లో వచ్చాయి. అది ముఖ్యంగా భద్రత చూసిన ప్రయోగం, ఆ పరీక్షలో నిలిచింది. మన దేశంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తకణాలకు సంబంధించిన కొన్ని జబ్బుల్లో చేసే మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వైద్యమంతా ప్రయోగమే. అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో తప్ప చేయకూడదు.

ఇదంతా ఫోన్‌లో పెదనాన్నకి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

"అయితే పలక ఇంకా రుద్దుతానే ఉండారన్నమాట" అన్నాడు.

"అవును పెదనాన్నా."

"రుద్దనీలే. పగిలిన పలక అమ్మేదానికంటే అదే మేలు."