లక్క పలక నుంచి క్యాసెట్ దాకా

ధ్వనిముద్రణ చరిత్ర అనగానే 1877లో ఫోనోగ్రాఫ్ చేసిన ఎడిసన్, 1887లో గ్రామఫోన్ రూపొందించిన బెర్లినర్ గుర్తుకొస్తారు. వారి ప్రతిభను ఎవరూ కాదనరు. కాని యంత్రాన్ని కనిపెట్టినవారి చరిత్ర వేరు. ఆ యంత్రం ఎవరి గొంతును ఎన్నుకుందో చెప్పే చరిత్ర వేరు. ఈ రెండో చరిత్రను మనం ఇంకా రాసుకోవలసే ఉంది.

1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్‌జాన్ పాటను ముద్రించాడు. అప్పటికి మైక్రోఫోన్‌తో ముద్రించడం లేదు. గాయని పెద్ద గొట్టంలోకి గొంతెత్తి పాడాలి. ఆ ధ్వనికి పల్చటి పొర కదిలితే, దానికి తగిలించిన సూది మైనపు పలక మీద గాడి గీసేది. మెత్తని వాద్యనాదం ఆ గాడిలో సరిగా పడేది కాదు. పట్టే కాలం సుమారు మూడు నిమిషాలు. పలకలు అచ్చయ్యేది జర్మనీలో. పాట చివర గౌహర్‌జాన్ తన పేరు తానే చెప్పుకుంది.

ఆ పలకలకు ముఖ్యమైన ముడిసరుకు లక్క. చోటానాగపూర్ అడవుల్లో మోదుగ, రేగు కొమ్మల మీద పేరుకున్న లక్కను ఆదివాసులు గీకి సంతకు చేర్చేవారు. వారి శ్రమ లేకుండా పలక లేదు. కాని వారి పాట ఎన్ని పలకలకు ఎక్కింది? గ్రామఫోన్ కొనగలిగినవారి అభిరుచే కంపెనీకి కొలత అయింది.

సాంకేతిక పరిమితి కళారూపాన్ని కూడా కత్తిరించింది. రాత్రంతా సాగే బుర్రకథ మూడు నిమిషాల్లో ఇమడదు. ముక్కలు చేస్తే ఇముడుతుంది. కాని వంత పాడేవారి హాస్యం, జనం కేక, కథకుడు అక్కడికక్కడ కల్పించే మాట బయటే ఉండిపోతాయి.

1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన క్యాసెట్ ఈ ఏకస్వామ్యాన్ని కొంత బద్దలుకొట్టింది. పాట వినిపించే యంత్రమే పాటను పట్టుకోగలిగింది. 1980ల నాటికి గద్దర్ పాటలు క్యాసెట్ల మీద పల్లెపల్లెకూ చేరాయి. ప్రతికి ప్రతి తీసినకొద్దీ రొద పెరిగేది, అయినా పాట ఆగలేదు. అదే క్యాసెట్‌ను వ్యాపారమూ చేజిక్కించుకుందన్నది మరచిపోరాదు. సాధనం దానంతటదే ప్రజలది కాదు.

ఇప్పుడా టేపుల మీది అయస్కాంతపు పూత రాలుతోంది, బూజు పడుతోంది. ఇళ్లలో మూలపడిన క్యాసెట్లలో ఎందరో పల్లె గాయకుల గొంతులున్నాయి. చాలావాటి మీద పేరు లేదు. టేపు తిరిగే స్థితిలో ఉండగానే వాటిని కొత్త సాధనాల్లోకి ఎక్కించాలి. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం అడిగి రాసిపెట్టాలి. గౌహర్‌జాన్‌కు తన పేరు చెప్పుకునే అవకాశం దొరికింది. దొరకనివారి పేర్లు నమోదు చేయడం రచయితల పని.