ఒకే భాష, మూడు హోదాలు: పోర్ట్ బ్లెయిర్ నుంచి చూస్తే సమాఖ్య పాఠం

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడింది. అదే రోజున అండమాన్ నికోబార్ దీవులు కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం, రాజ్యాంగ ఏడో సవరణ కలిసి దేశ పటాన్ని తిరగరాసిన రోజది. ఆ రోజు నుంచి తెలుగువారిలో ఎక్కువమంది సొంత శాసనసభ ఉన్న రాష్ట్రంలో పౌరులయ్యారు. బతుకుతెరువు కోసం సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్ చేరినవారు, ఆ తర్వాత చేరినవారు శాసనసభ లేని ప్రాంతంలో పౌరులయ్యారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా నమోదైనవారు దాదాపు 13 శాతం, అంటే సుమారు 50 వేల మంది. వీరిలో చాలామందివి ఉత్తరాంధ్ర మూలాలు.

పోర్ట్ బ్లెయిర్ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఏ మాధ్యమంలో చదివినా బోర్డు మాత్రం సీబీఎస్ఈ. అంటే విశాఖలోనో హైదరాబాద్‌లోనో సీబీఎస్ఈ విద్యార్థి చదివే సమాఖ్య పాఠాన్నే పోర్ట్ బ్లెయిర్ విద్యార్థి కూడా చదువుతాడు. పాఠం ఒకటే అయినా, అది వర్ణించే వ్యవస్థ అతని ఊళ్లో లేదు. ప్రపంచవ్యాప్తంగా సమాఖ్య వ్యవస్థల అధ్యయనంలో చాలాకాలం వెనకబడిన ప్రశ్న ఇదే: సమాఖ్యలో ఉంటూ సమాఖ్య భాగస్వామి కాని ప్రాంతాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

పాఠ్యపుస్తకం ఏం చెబుతుంది

2007లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి ప్రజాస్వామ్య రాజకీయాల పుస్తకం బెల్జియం, శ్రీలంక ఉదాహరణలతో అధికార పంపిణీని పరిచయం చేసి, తర్వాతి అధ్యాయంలో సమాఖ్య వ్యవస్థలోకి వెళ్తుంది. విడివిడి రాజ్యాలు కలిసి ఏర్పరచుకున్న సమాఖ్య ఒక రకం. అమెరికా, స్విట్జర్లాండ్, ఆస్ట్రేలియా అలాంటివి. పెద్ద దేశం తన వైవిధ్యాన్ని నిలుపుకోవడానికి అధికారాన్ని పంచుకోవడం రెండో రకం. భారత్, స్పెయిన్, బెల్జియం ఆ కోవకు చెందుతాయి. ఈ వర్గీకరణకు మూలం రాజనీతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ స్టెపాన్ 1999లో రాసిన వ్యాసం.

ఆ తర్వాత కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా వస్తాయి. పోలీసు, వ్యవసాయం, నీటిపారుదల రాష్ట్రాలవి; రక్షణ, విదేశాంగం, కరెన్సీ కేంద్రానివి. కేంద్రపాలిత ప్రాంతాల గురించి కొన్ని వాక్యాలే ఉంటాయి: రాష్ట్రం కావడానికి మరీ చిన్నవి, పక్క రాష్ట్రంలో కలపడానికి వీలుకానివి, వీటి పాలనలో కేంద్రానికి ప్రత్యేక అధికారాలు ఉంటాయి అని. అక్కడ ఉదాహరణలు చండీగఢ్, లక్షద్వీప్, ఢిల్లీ.

పదకొండో తరగతి రాజ్యాంగం పుస్తకంలోని సమాఖ్య అధ్యాయం ఇంకాస్త లోతుగా వెళ్తుంది. 1958లో ఏర్పడి 1962లో రద్దయిన వెస్టిండీస్ సమాఖ్యను ప్రస్తావిస్తుంది. దీవులను దీవులతో ముడివేసిన ప్రయోగం నాలుగేళ్లకే విఫలమైన ఆ ఉదాహరణ పోర్ట్ బ్లెయిర్ తరగతి గదిలో ఆసక్తికరమైన చర్చకు దారితీయగలదు. డిగ్రీ స్థాయికి వస్తే, 1967లో స్థాపించిన జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయ దీవుల్లో ప్రధాన కళాశాల. పేరులోని ‘రాజకీయ’కు హిందీలో ప్రభుత్వ అని అర్థం. ఇది పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడుస్తూ వచ్చింది. 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఆ కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిధిలోకి పుదుచ్చేరి, లక్షద్వీప్, అండమాన్ మూడూ వస్తాయి. మూడు కేంద్రపాలిత ప్రాంతాలకు ఒకే విశ్వవిద్యాలయం అన్నమాట.

దీవుల పాలన ఎలా సాగుతుంది

1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు ప్రాంతాలను ఎ, బి, సి, డి భాగాలుగా విభజించారు. ‘డి’ భాగంలో ఉన్నది అండమాన్ నికోబార్ ఒక్కటే. 1955 నాటి ఫజల్ అలీ కమిషన్ సైతం ఢిల్లీ, మణిపూర్‌లతో పాటు ఈ దీవులను కేంద్ర పాలనలోనే ఉంచాలని సూచించింది. ఏడో సవరణ ‘కేంద్రపాలిత ప్రాంతం’ అనే కొత్త హోదా తెచ్చింది. 1982 వరకు చీఫ్ కమిషనర్, ఆ తర్వాత లెఫ్టినెంట్ గవర్నర్ రాష్ట్రపతి తరఫున పాలన చూస్తున్నారు.

ఈ వ్యవస్థకు మూడు అధికరణలు ఆధారం. 239వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి తాను నియమించిన పాలకుడి ద్వారా ప్రాంతాన్ని పాలిస్తారు. 240వ అధికరణ కింద ఈ దీవులకు రాష్ట్రపతి రెగ్యులేషన్లు చేయవచ్చు. అవి పార్లమెంటు చట్టాన్ని కూడా ఈ ప్రాంతం వరకు సవరించగలవు, రద్దు చేయగలవు. 246(4) ప్రకారం రాష్ట్ర జాబితాలోని అంశాలపై కూడా ఇక్కడ పార్లమెంటే చట్టం చేస్తుంది. అంటే పదో తరగతిలో నేర్చుకున్న మూడు జాబితాల విభజన ఈ దీవుల వరకు పనిచేయదు.

దీని ప్రభావం చట్టసభలకే పరిమితం కాదు. లోక్‌సభలో దీవులకు ఒకే స్థానం. 1952లో బిషప్ జాన్ రిచర్డ్‌సన్‌ను రాష్ట్రపతి నామినేట్ చేశారు. ప్రజలు తొలిసారి ఎంపీని ఎన్నుకున్నది 1967లో, గెలిచింది కె.ఆర్. గణేశ్. దేశంలో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగి అప్పటికి పదిహేనేళ్లు. రాజ్యసభలో ఈ దీవులకు స్థానం లేదు. శాసనసభ్యులు లేనందున రాష్ట్రపతి ఎన్నికలో ఇక్కడి నుంచి పడేది ఆ ఒక్క ఎంపీ ఓటే. ఆర్థిక సంఘం పన్నుల వాటాను రాష్ట్రాలకే పంచుతుంది. దీవుల ఖర్చు హోం శాఖ పద్దుల్లో భాగంగా కేంద్ర బడ్జెట్‌లోనే వస్తుంది. జీఎస్టీ కౌన్సిల్‌లో ఢిల్లీ, పుదుచ్చేరి కూర్చుంటాయి. ‘రాష్ట్రం’ అనే మాటకు అక్కడ శాసనసభ ఉన్న కేంద్రపాలిత ప్రాంతం అని కూడా అర్థం చెప్పినా, శాసనసభ లేని అండమాన్ అందులోకి రాదు. హైకోర్టు కూడా కోల్‌కతాదే. దాని సర్క్యూట్ బెంచ్ పోర్ట్ బ్లెయిర్‌లో పనిచేస్తుంది.

2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మారుస్తున్నట్టు కేంద్ర హోం మంత్రి ప్రకటించారు. పేరు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. సమాఖ్య విద్యార్థి గమనించాల్సింది ఆ నిర్ణయం ఎక్కడ జరిగిందన్నది. రాష్ట్రంలోని నగరం పేరు మార్చాలంటే ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వం నుంచి వెళ్తుంది, కేంద్రం అభ్యంతరం లేదని చెబుతుంది. ఇక్కడ ఆ మొదటి మెట్టే లేదు.

యానాంతో పోల్చి చూస్తే

తెలుగువారు భారతదేశంలో మూడు రకాల హోదాల్లో బతుకుతున్నారు. మొదటిది పూర్తి రాష్ట్రం: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. రెండోది శాసనసభ ఉన్న కేంద్రపాలిత ప్రాంతం: పుదుచ్చేరిలో భాగమైన యానాం. మూడోది శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం: అండమాన్.

2011 లెక్కల్లో యానాం జనాభా సుమారు 55 వేలు. అండమాన్‌లోని తెలుగువారి సంఖ్యకు దాదాపు సమానం. యానాం ఓటరు పుదుచ్చేరి శాసనసభకు ఒక సభ్యుణ్ని పంపుతాడు. ఆ సభ్యుడు మంత్రి కావచ్చు, బడ్జెట్‌పై ప్రశ్న వేయవచ్చు. పోర్ట్ బ్లెయిర్ ఓటరుకు మున్సిపల్ కౌన్సిల్ తర్వాత ఉన్న మెట్టు నేరుగా లోక్‌సభే.

అయితే రాష్ట్రంగా ఉండటం కూడా సంపూర్ణ రక్షణ కాదని 2014 తెలుగువారికి చూపింది. మూడో అధికరణ ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగడం తప్పనిసరి, దాన్ని ఆమోదించడం తప్పనిసరి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరించినా పార్లమెంటు విభజన చట్టం చేసింది. దానివల్లే తెలంగాణ ప్రజల చిరకాల ఆకాంక్ష నెరవేరిందన్నదీ నిజమే. భారత రాజ్యాంగాన్ని అర్ధ సమాఖ్యగా బ్రిటన్ పండితుడు కె.సి. వేర్ ఎందుకు వర్ణించాడో అర్థం కావడానికి ఈ ఉదాహరణ చాలు.

ప్రపంచంలో ఈ చదువు ఎలా పెరిగింది

వేర్ 1946లో రాసిన పుస్తకం సమాఖ్యల తులనాత్మక అధ్యయనానికి పునాది వేసింది. ఆయన దృష్టిలో అసలు కొలమానం ఇదీ: కేంద్రం, రాష్ట్రాలు తమ తమ పరిధుల్లో పరస్పరం స్వతంత్రంగా ఉన్నాయా లేదా. 1964లో విలియం రైకర్ దాన్ని రాజకీయ బేరంగా చూశాడు. డేనియల్ ఎలజార్ 1971లో ‘పబ్లియస్’ పత్రికను ప్రారంభించి, సొంత పాలన, ఉమ్మడి పాలన అనే రెండు ముక్కల్లో సమాఖ్యను నిర్వచించాడు. కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ వాట్స్, స్విట్జర్లాండ్‌లోని ఫ్రిబోర్గ్ విశ్వవిద్యాలయ సమాఖ్య సంస్థ, ఒట్టావాలోని ఫోరం ఆఫ్ ఫెడరేషన్స్ ఈ రంగాన్ని విస్తరించాయి. భారత్‌లో ఈ అధ్యయనానికి బాటలు వేసినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించి, తర్వాత జేఎన్‌యూకు వెళ్లిన రషీదుద్దీన్ ఖాన్ ఒకరు.

ఎలజార్ నిర్వచనాన్ని అండమాన్‌కు వర్తింపజేస్తే లోటు స్పష్టంగా కనిపిస్తుంది. సొంత పాలన మున్సిపాలిటీ, పంచాయతీల దగ్గర ఆగిపోతుంది. ఉమ్మడి పాలనలో వాటా ఒక్క ఎంపీ.

ఇతర సమాఖ్యల్లోని దీవులు, భూభాగాలు

ఇది భారత్ ఒక్కదాని సమస్య కాదు. ప్యూర్టోరికో వాసులు 1917 నుంచి అమెరికా పౌరులు. అయినా దీవిలో ఉన్నంతకాలం అధ్యక్ష ఎన్నికలో ఓటు లేదు. ప్రతినిధుల సభలో వారి కమిషనర్‌కు తుది ఓటు లేదు. కానీ వారికి సొంత గవర్నర్, శాసనసభ ఉన్నాయి.

ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీకి 1978లో స్వపరిపాలన ఇచ్చింది. ఆ శాసనసభ 1995లో చేసిన కారుణ్య మరణ చట్టాన్ని 1997లో ఫెడరల్ పార్లమెంటు నిర్వీర్యం చేసింది. ఆ అంశంపై చట్టం చేసే అధికారం తిరిగి దక్కింది 2022లోనే. నార్ఫోక్ దీవి కథ దీనికి భిన్నం: 1979లో పొందిన శాసనసభను 2015లో కోల్పోయి, స్థానిక కౌన్సిల్ స్థాయికి దిగింది. ఇచ్చిన అధికారం తిరిగి పోవచ్చని ఆ దీవి చెబుతుంది.

కెనడాలోని మూడు ఉత్తర భూభాగాలకు శాసనసభలే కాక ఒక్కో సెనేటర్ కూడా ఉన్నారు. బ్రెజిల్ వేరే దారి ఎంచుకుంది. 1942 నుంచి ఫెడరల్ భూభాగంగా ఉన్న ఫెర్నాండో డి నొరోన్యా దీవులను 1988 రాజ్యాంగం పెర్నాంబుకో రాష్ట్రంలో కలిపింది. సెయింట్ కిట్స్ అండ్ నెవిస్‌లో చిన్న దీవి నెవిస్‌కు విడిపోయే హక్కునే రాజ్యాంగం ఇచ్చింది. 1998 రిఫరెండంలో 60 శాతానికి పైగా విడిపోదామన్నా, కావలసిన మూడింట రెండొంతులు రాక కలిసే ఉన్నాయి.

శాసనసభ ఇవ్వాలా, వద్దా

అండమాన్‌కు శాసనసభ వద్దనేవారి వాదనలో బలం ఉంది. మలక్కా జలసంధి ముఖద్వారంలో ఉన్న ఈ దీవులు వ్యూహాత్మకంగా కీలకం. 2001లో త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ ఇక్కడే ఏర్పడింది. సొంత ఆదాయం తక్కువ. అన్నిటికంటే ముఖ్యమైన అంశం ఆదివాసీలది. గ్రేట్ అండమానీయులు, ఓంగేలు, జరావాలు, సెంటినలీయులు, షోంపెన్లు అతి తక్కువ సంఖ్యలో మిగిలారు. వలస వచ్చినవారు అత్యధికులైన చోట ఏర్పడే శాసనసభ వారి భూములను కాపాడుతుందా అన్న అనుమానం సహేతుకమే. వారికి రక్షణగా ఉన్నది కేంద్రం చేసిన 1956 నాటి ఆదిమ తెగల పరిరక్షణ రెగ్యులేషనే. ఐదో, ఆరో షెడ్యూళ్లు ఈ దీవులకు వర్తించవు.

రెండో వైపు వాదన కూడా తేలికగా తీసేయదగింది కాదు. సిక్కిం 1975లో రాష్ట్రమైంది. 1971 లెక్కల్లో దాని జనాభా సుమారు 2.1 లక్షలే. విస్తీర్ణంలో అండమాన్ నికోబార్ గోవాకు రెట్టింపు కంటే ఎక్కువ. పుదుచ్చేరికి శాసనసభ కల్పించే 239ఎ అధికరణను 2019లో ప్రత్యేక చట్టంతో జమ్మూకశ్మీర్‌కు వర్తింపజేశారు. కనుక దారి లేకపోలేదు.

కేంద్ర పాలన ఆదివాసీలను కాపాడుతుందన్న నమ్మకానికి గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు పరీక్ష పెట్టింది. నౌకాశ్రయం, విమానాశ్రయం, టౌన్‌షిప్, విద్యుత్ కేంద్రంతో కూడిన ఈ పథకానికి దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అటవీ భూమి మళ్లించాలి. అక్కడి గిరిజన మండలి 2022లో ముందు నిరభ్యంతరం తెలిపి, అదే ఏడాది నవంబర్‌లో వెనక్కి తీసుకుంది. పర్యావరణ అనుమతి కూడా ఆ నెలలోనే వచ్చింది. ప్రాజెక్టును ప్రతిపాదించినదీ, భూమిని నిర్వహించేదీ, అనుమతి ఇచ్చినదీ చివరికి ఒకే ప్రభుత్వం కిందికి వస్తాయి. రాష్ట్రంలో అయితే రెండు ప్రభుత్వాలు ఉంటాయి. ఒకటి తప్పు చేసినా రెండోది ప్రశ్నించే వీలుంటుంది. సమాఖ్య వ్యవస్థ వల్ల సామాన్యుడికి ఏం ఒరుగుతుందన్న ప్రశ్నకు సూటి సమాధానం ఇదే.

ఈ రెండు అంచుల మధ్య మార్గాలు కూడా ఉన్నాయి. 1994 రెగ్యులేషన్లతో ఏర్పడిన పంచాయతీలకు, మున్సిపల్ కౌన్సిల్‌కు నిధులు, సిబ్బంది, నిర్ణయాధికారం పెంచవచ్చు. నికోబార్‌లో సంప్రదాయ కెప్టెన్ల వ్యవస్థకు చట్టరూపం ఇచ్చిన 2009 గిరిజన మండళ్ల రెగ్యులేషన్‌లో, భూమి విషయంలో మండలి సమ్మతిని తప్పనిసరి చేయవచ్చు. ఒక రాజ్యసభ స్థానం కేటాయించవచ్చు. వీటిలో ఏదీ దేశ భద్రతకు అడ్డు రాదు.

తరగతి గదికి సంబంధించినంత వరకు చేయగలిగింది ఇంకా సులువు. మూడు జాబితాల పట్టిక పక్కన 240, 246(4) అధికరణలను, యానాం–పోర్ట్ బ్లెయిర్ పోలికను, నార్ఫోక్, నొరోన్యా అనుభవాలను చేర్చితే చాలు. అప్పుడు ఆ పాఠం పోర్ట్ బ్లెయిర్ విద్యార్థికి తన ఊరి గురించి చెబుతుంది. విజయవాడ, వరంగల్ విద్యార్థులకు తమ శాసనసభ లేకపోతే ఏమేం ఉండవో తెలుస్తుంది.