గంటకు ఇరవై సెంట్ల వకీలు

1982. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో ఓ ఉపాధి శిక్షణ కేంద్రం. అక్కడ పని నేర్చుకుంటున్న పందొమ్మిదేళ్ల నల్లజాతి కుర్రాడు కాల్విన్ డంకన్‌ను పోలీసులు పట్టుకుపోయారు. అంతకు ముందు ఏడాది లూసియానా రాష్ట్రం న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన హత్య అతని పనేనన్నారు. కాదని మొత్తుకున్నాడు. చదువు అంతంతమాత్రం, వకీలును పెట్టుకునే స్తోమత లేదు. జైల్లో కూర్చుని కోర్టుకు అర్జీ రాసుకున్నాడు: నాకో లా పుస్తకం ఇప్పించండి అని.

1985లో యావజ్జీవం పడింది. లూసియానాలో పరోల్ లేని యావజ్జీవమంటే శవమై బయటికి రావాల్సిందే. అదే రాష్ట్రంలోని అంగోలా అనే జైలుకు పంపారు. ఒకప్పుడు బానిసలతో సేద్యం చేయించిన తోటే ఇప్పుడు 18,000 ఎకరాల జైలు. అక్కడ ఖైదీల అప్పీళ్లు రాసిపెట్టే పనిని కొందరు ఖైదీలకే అప్పగిస్తారు. కూలి గంటకు 20 సెంట్లు. ఇరవై ఏళ్లకు పైగా డంకన్ చేసిన ఉద్యోగం అదే. ఉరిశిక్ష పడ్డవాళ్ల కాగితాలూ అతని చేతికొచ్చేవి. ఎందరికో దారి చూపాడు. తన కేసు రికార్డుల కోసం మాత్రం ఏళ్ల తరబడి అర్జీలు పెడుతూనే ఉన్నాడు.

అన్ని కేసులు చూసినవాడికి ఒక మెలిక దొరికింది. అప్పట్లో లూసియానాలో పన్నెండు మంది జ్యూరీలో పదిమంది దోషి అంటే చాలు, జీవితాంతం జైలు పడేది. నల్లవాళ్లు జ్యూరీలో కూర్చున్నా వాళ్ల మాట చెల్లకూడదని 1898లో రాసుకున్న రాజ్యాంగపు పుణ్యం అది. అప్పటికి ఇలాంటి పద్ధతి మిగిలిన మరో రాష్ట్రం ఓరెగన్ ఒక్కటే. డంకన్ దాని మీద పట్టుబట్టి, కేసు తర్వాత కేసును సుప్రీంకోర్టు గుమ్మం దాకా పంపించాడు. ఒక్కొక్కటీ తిరిగొచ్చేసింది.

2011 జనవరి. కొత్త ఆధారాలు బయటపడ్డాక ప్రాసిక్యూటర్లు బేరం పెట్టారు: హత్యకంటే తక్కువ స్థాయి నేరాలు ఒప్పుకుంటే ఇవాళే విడుదల. ఇరవై ఎనిమిదేళ్లు లోపల మగ్గినవాడు ఇంకేం చేస్తాడు? సంతకం పెట్టి బయటపడ్డాడు.

ఇక్కడే నాకు ఆశ్చర్యం. లాయర్లే సలహా అడిగే మనిషి టులేన్ యూనివర్సిటీలో పారాలీగల్ చదువుకు పేరిచ్చాడు. జైల్లో రాసిన వందల కాగితాలకు బయట ఏ విలువా లేదు మరి. ఒకపక్క ఖైదీల కేసుల పని, జైలు నుంచి వచ్చినవాళ్లకు నిలువనీడ చూపే పని. మరోపక్క అసైన్‌మెంట్లు, పరీక్షలు. చిన్నతనం అనుకోలేదు. ఆ పట్టా చేతికొచ్చాక లా చదవాలని బయల్దేరాడు. ఎక్కడికి? తనను అరెస్టు చేసిన ఓరెగన్‌కే, పోర్ట్‌లాండ్‌లోని లూయిస్ అండ్ క్లార్క్ కాలేజీకి.

డంకన్ పట్టుబట్టిన ఆ జ్యూరీ పద్ధతి చివరికి కూలింది: 2020 ఏప్రిల్‌లో రామోస్ వర్సెస్ లూసియానా కేసులో, తీవ్ర నేరాలకు జ్యూరీ ఏకగ్రీవంగా తేల్చాల్సిందేనని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇక డంకన్ సొంత కేసులో, 2021లో న్యూ ఆర్లీన్స్ జడ్జి అతని మీదున్న నేరనిర్ధారణను కొట్టేశారు. 2023లో, అరవైకి చేరువలో, లా పట్టా అందుకున్నాడు.

2025 నవంబరులో న్యూ ఆర్లీన్స్ ఓటర్లు అతన్ని క్రిమినల్ కోర్టు క్లర్క్‌గా గెలిపించారు. ఆ కోర్టు కేసుల రికార్డులన్నీ భద్రపరచి, అడిగినవాళ్లకు అందించే పదవి అది.