గువా అంటే గుహే

నియా నది పెద్దదేం కాదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పడవ మీద రెండు నిమిషాలు. మనిషికి ఒక రింగిట్. మొసళ్లున్నాయి జాగ్రత్త అని ఒడ్డున బోర్డు. పడవ నడిపే పెద్దాయన ఇబాన్ తెగవాడు. కాలు పెట్టీ పెట్టగానే నా ముఖం వైపు చూసి "ఒరాంగ్ మానా?" అన్నాడు. ఎక్కడి మనిషివి అని. ఇక్కడ అది పలకరింపే, మనవైపు "ఏ ఊరు నాయనా?" అన్నట్టు. పద్నాలుగేళ్లుగా మలేసియాలోని మిరిలో ఉంటున్నానన్న ధీమాతో "ఒరాంగ్ మిరి" అన్నాను. ఆయన నవ్వి, "అంతకు ముందు?" అన్నాడు.

అంతకు ముందు బేతంచెర్ల. నంద్యాల జిల్లా. మా నాన్న బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. నాపరాళ్ల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి సున్నపురాయి నాకు కొత్త కాదు. ఊరికి కాస్త దూరంలో బిల్వస్వర్గం గుహలున్నాయి. చిన్నప్పుడు అక్కడికెళ్తే గబ్బిలాల కంపుకు ముక్కు మూసుకుని పరుగెత్తేవాళ్లం. సముద్రం దాటొచ్చాక మళ్లీ అదే రాయి, అదే కంపు.

పడవ దిగితే ఎదురుగా మరో బోర్డు: తామన్ నెగారా నియా. తామన్ అంటే తోట. నెగారా మన నగరమే, ఇక్కడికొచ్చి దేశమైంది. రెండూ కలిపితే జాతీయ ఉద్యానం. గుహను వీళ్లు 'గువా' అంటారు, అదీ మన గుహే. మనిషి 'మనుసియా'. నెగారా, గువా, మనుసియా, ఈ మూడూ ఎప్పుడో సంస్కృతంలోంచి ఓడలెక్కి వచ్చినవి. వచ్చాయని ఇప్పుడెవరికీ గుర్తు లేదు. మలయ్ మాటలుగానే బతుకుతున్నాయి.

ఇండియా నుంచి చుట్టాలు వస్తే అందరూ అడిగేది ములూ. అదీ ఇక్కడి సున్నపురాతి గుహల జాతీయ ఉద్యానమే, 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ 1981లో కనుక్కున్న సరవాక్ ఛాంబర్ అనే ఒక్క గుహగది పొడవే దాదాపు 600 మీటర్లు. చూస్తే నోరు తెరుచుకుంటుంది. నేనూ తీసుకెళ్తాను. కానీ నేనుండే ఈ నేల కథ తెలియాలంటే ములూ కాదు, మిరి నుంచి రెండు గంటల కారు ప్రయాణంలో ఉన్న నియాకు రావాలి.

మలేసియా అనగానే మనవాళ్లకు కౌలాలంపూర్ జంట శిఖరాలు గుర్తొస్తాయి. మేముండే సరవాక్ అటువైపు కాదు. దక్షిణ చైనా సముద్రానికి ఇవతల, బోర్నియో దీవి మీద ఉంది. వైశాల్యంలో తెలంగాణ కంటే పెద్దది. జనాభా మాత్రం 2020 లెక్కల ప్రకారం పాతిక లక్షలకు కాస్త తక్కువ. మిగిలిందంతా అడవి, నదులు, ఇప్పుడు పామాయిల్ తోటలు.

పడవ దిగిన చోటు నుంచి గుహ దాకా మూడు కిలోమీటర్ల పైచిలుకు చెక్కబాట. బాట చివర వర్తకుల గుహ. పిట్టగూళ్లు కొనడానికి వచ్చిన వ్యాపారులు ఒకప్పుడు ఇందులో మకాం వేసేవాళ్లు. వాళ్ల గుడిసెల చెక్క చట్రాలు ఇంకా నిలబడే ఉన్నాయి. బెలియాన్ అనే ఇనుములాంటి చెక్క అది, చెద అంటదు. అది దాటి మెట్లెక్కితే పెద్దగుహ పడమటి ద్వారం. ఎత్తు 60 మీటర్లు, వెడల్పు దాదాపు 250. మా బేతంచెర్ల రైల్వే స్టేషన్‌ను ప్లాట్‌ఫారాలతో సహా తెచ్చి ఇందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది.

ద్వారానికి ఒక పక్కన కంచె, కంచె లోపల లోతుగా తవ్విన గుంటలు. ఇవి లేకపోతే నియా ఒక అందమైన గుహ, అంతే.

తవ్వకం వెనక మా ఊరి కథకు దగ్గరి కథ ఒకటి ఉంది. ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1854 నుంచి 1856 దాకా సరవాక్‌లో తిరిగాడు. మనిషి పూర్వీకుల ఎముకలు దొరకాలంటే బోర్నియో గుహల్లో వెదకాలని తర్వాత ఆయన రాశాడు. ఆ పని మీద 1870ల చివర ఎవరెట్ అనే ఆయన సరవాక్ గుహలు గాలించాడు. చెప్పుకోదగ్గదేదీ దొరకలేదని తేల్చాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే, 1883 నుంచి 1885 మధ్య, భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ మా బిల్వస్వర్గంలో పలుగు దించారు. జంతువుల ఎముకలు కుప్పలుగా దొరికాయి. ఆదిమానవుడి ఎముక మాత్రం దొరకలేదు. నేను ముక్కు మూసుకుని పరుగెత్తిన గుహకు ఇంత చరిత్ర ఉందని నాకు తెలిసింది ఇక్కడికొచ్చాక, నియా గురించి చదువుతుంటే.

ఎవరెట్ వదిలేసిన చోటును టామ్ హారిసన్ పట్టుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ల మీద పోరాడటానికి 1945 మార్చిలో సరవాక్‌లోని కెలబిత్ కొండల్లోకి పారాచ్యూట్‌తో దిగిన ఇంగ్లీషువాడు ఆయన. యుద్ధమయ్యాక సరవాక్ మ్యూజియం అధికారిగా స్థిరపడ్డాడు. 1954లో నియాలో తవ్వడం మొదలుపెట్టాడు. భార్య బార్బరా, స్థానిక కూలీలు కలిసి ఏళ్ల తరబడి తవ్వారు. ఉక్క భరించలేక ఒక గుంటకు 'నరకం' అని పేరు పెట్టుకున్నారు. 1958 ఫిబ్రవరిలో ఆ నరకంలోనే, రెండున్నర మీటర్లకు పైగా లోతున, ఒక మనిషి పుర్రె బయటపడింది. పక్కన దొరికిన బొగ్గును పరీక్షిస్తే వయసు 40,000 ఏళ్ల దగ్గర తేలింది.

ఆ రోజుల్లో చాలామంది నమ్మలేదు. హారిసన్ పురావస్తు శాస్త్రంలో శిక్షణ పొందినవాడు కాదు, కొలతలు సరిగ్గా పెట్టాడా అని సందేహం. 2000లో పురావస్తు శాస్త్రవేత్త గ్రేమ్ బార్కర్ బృందం వచ్చి పాత గుంటల గోడల్నే మళ్లీ చదివింది. హారిసన్ లెక్క దాదాపు సరైనదేనని తేల్చింది. గుహలో మనిషి అలికిడి 50,000 ఏళ్ల కిందటి దాకా వెళ్తుందని ఇప్పుడు చెబుతున్నారు. ఒరాంగుటాన్ ఎముకలు, ఇప్పుడెక్కడా లేని పెద్దజాతి అలుగు ఎముకలు, విషపు దుంపలు, కెపయాంగ్ గింజల ఆనవాళ్లు ఆ మట్టిలో ఉన్నాయి. కెపయాంగ్‌ను పచ్చిగా తింటే సైనైడ్ తిన్నట్టే. విషం విరిచాకే తినాలి. మన మన్యంలో చేదు దుంపల్ని వాగునీటిలో నానబెట్టి తినే పద్ధతి ఉంది కదా, ఆ జాతి విద్యే ఇది. మలయ్‌లో ప్రేమలో పడి ఒళ్లు తెలియనివాణ్ణి 'మాబుక్ కెపయాంగ్' అంటారు, కెపయాంగ్ మత్తెక్కినవాడని. వేల ఏళ్ల నాటి వంటింటి భయం ఇవాళ ప్రేమపాటల్లో పాకం పట్టింది.

ఇంతకీ ఆ పుర్రె ఎవరిది? 1960లో పరిశీలించినాయన పదిహేను, పదిహేడేళ్ల కుర్రాడిదన్నాడు. పోలికలు దూరాన ఉన్న టాస్మేనియా ఆదివాసులవన్నాడు. 2016లో డారెన్ కర్నో అనే శాస్త్రవేత్త బృందం చూసి, కాదు, నడివయసు ఆడమనిషి కావచ్చు, పోలికలు ఇక్కడి బోర్నియో జనానివే అంది. అంటే యాభై ఆరేళ్ల పాటు ఆవిడ ఈ ఊరి మనిషి కాదు, ఆ తర్వాత అయింది. పడవ మీది పెద్దాయన అడిగిన ప్రశ్న ఆవిడనూ వదల్లేదు.

మా అమ్మాయి స్కూల్లో చరిత్ర పాఠం నియా గుహతోనే మొదలవుతుంది. అక్కణ్ణుంచి ఒక్క దూకులో సుల్తానుల దాకా వచ్చేస్తుంది. ఆ తర్వాతి కథ మన పాఠకులకు క్లుప్తంగా చెబుతాను. సరవాక్ ఒకప్పుడు బ్రూనై సుల్తాను ఏలుబడి. 1839లో జేమ్స్ బ్రూక్ అనే ఇంగ్లీషువాడు రాయలిస్ట్ అనే సొంత ఓడలో కూచింగ్ వచ్చాడు. పుట్టింది మన బనారస్‌లో, 1803లో. కంపెనీ సైన్యంలో పనిచేసి అస్సాంలో జరిగిన పోరులో గాయపడ్డాడు. తండ్రి పోయాక వచ్చిన ఆస్తితో ఓడ కొన్నాడు. సుల్తాను మీద తిరగబడ్డవాళ్లను అణచడానికి సాయపడి, బదులుగా 1841లో సరవాక్‌కు రాజయ్యాడు. ఆయన, తర్వాత మేనల్లుడు చార్లెస్, ఆ తర్వాత చార్లెస్ కొడుకు వైనర్, మొత్తం వందేళ్లకు పైగా ఈ 'తెల్లరాజులు' ఏలారు. మన దగ్గర కంపెనీ ఏలింది, ఇక్కడ ఒక కుటుంబం ఏలింది.

1910 డిసెంబరులో మిరి కొండ మీద తొలి చమురుబావి పారింది. మా ఊరు పుట్టింది ఆ బావి వల్లే, నాలాంటివాళ్లు ఇక్కడికి చేరిందీ ఆ చమురు వల్లే. 1941 డిసెంబరులో జపాన్ సైన్యం మిరి తీరాన దిగిందీ దానికోసమే. యుద్ధం తర్వాత 1946లో వైనర్ బ్రూక్ సరవాక్‌ను బ్రిటిష్ ప్రభుత్వానికి అప్పగించేశాడు. జనంలో చాలామందికి అది మింగుడు పడలేదు. 1949లో సిబు పట్నంలో రోస్లి ధోబి అనే పదిహేడేళ్ల కుర్రాడు బ్రిటిష్ గవర్నర్‌ను కత్తితో పొడిచాడు. గవర్నరు చనిపోయాడు, కుర్రాణ్ణి ఉరితీశారు. ఇప్పుడతను ఇక్కడ వీరుడు. చివరికి 1963 సెప్టెంబరు 16న మలయా, సింగపూర్, సబా, సరవాక్ కలిసి మలేసియా ఏర్పడింది. రెండేళ్లకు సింగపూర్ విడిపోయింది.

కలిసేటప్పుడు సరవాక్ కొన్ని షరతులు పెట్టింది. వాటిలో ఒకటి ఇమిగ్రేషన్ అధికారం. కౌలాలంపూర్‌లో నాకొక స్నేహితుడున్నాడు. అతని ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా తోటల్లో కూలికి వెళ్లినవాడు. అక్కడి తెలుగువాళ్లు 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. స్నేహితుడు పుట్టుకతో మలేసియా పౌరుడు. అయినా మిరి విమానాశ్రయంలో దిగితే సొంత దేశంలోనే 90 రోజుల చీటీ తీసుకుని లోపలికి రావాలి. మొదటిసారి వచ్చినప్పుడు, "నాలుగు తరాలవాణ్ణి నాకు చీటీ, నిన్నగాక మొన్నొచ్చిన నీకు మూడేళ్ల పాసు" అని నన్ను తిట్టాడు. ఈ దేశంలో 'బూమిపుత్ర' అనే మాట రాజకీయాల్లోనూ దరఖాస్తు ఫారాల్లోనూ రోజూ వినబడుతుంది. మన భూమిపుత్రుడే. మలయ్‌లు, సబా, సరవాక్ మూలవాసులు ఆ లెక్కలోకి వస్తారు. నా స్నేహితుడు రాడు. మాట మాత్రం మన దేశం నుంచే వచ్చింది.

ఇదంతా తలుచుకుంటూ గుహలో పక్కకు చూస్తే, చీకట్లోంచి సన్నటి కర్ర ఒకటి పైనుంచి వేలాడుతోంది. కళ్లతో దాని వెంటే పైకి వెళ్తే మెడ నొప్పి పుడుతుందే తప్ప కప్పు దొరకదు. దాన్ని పట్టుకుని మనుషులు కప్పు దాకా ఎగబాకుతారు. తమ ఉమ్మితో గూళ్లు కట్టే చిన్న పిట్టలు అక్కడ ఉంటాయి. ఆ గూళ్ల పులుసంటే చైనావాళ్లు ప్రాణం పెడతారు. నియా గూళ్లలో ఈకలు ఎక్కువ, శుభ్రం చేయడానికి చాకిరీ ఎక్కువ. కింద కాపలా ఉన్న ముసలాయన్ను 'పాక్‌చిక్' అని పిలిచాను. మాటకు మాట పెడితే చిన్నాన్న. "మీరూ ఎక్కేవారా?" అంటే అరచేతులు చాపి చూపించాడు. వేళ్ల మొదళ్లలో కాయలు రాయిలా గట్టిపడి ఉన్నాయి. గూళ్లు తీసే హక్కు తండ్రి నుంచి కొడుక్కు వస్తుందట. "నా కొడుకు ఎక్కడు, మీ మిరిలో ఏసీ రూములో పని" అన్నాడు. అది గర్వమో దిగులో నాకు అంతుబట్టలేదు.

చీకటి దారిలో రెట్ట మీద కాలు జారి ప్యాంటు పాడుచేసుకుని, పెద్దగుహ అవతలకు బయటపడి, చిత్రాల గుహకు చేరాను. ఇనుపకంచె వెనక గోడ మీద ఎర్రమట్టి రంగు గీతలు. చాలా మాసిపోయాయి. కాసేపు కళ్లు అలవాటు పడితే పడవలు కనిపిస్తాయి. పొడవాటి పడవలు, వాటిలో చేతులెత్తిన మనుషులు. ఈ గోడ కిందే పడవ ఆకారంలో చెక్కిన శవపేటికలు దొరికాయి. వెయ్యేళ్లు పైబడినవి. చనిపోయినవాళ్లు అవతలి లోకానికి పడవ మీదే పోతారని వాళ్ల నమ్మకం. మన వైతరణి గుర్తొచ్చింది.

నియా గుహలను యునెస్కో ప్రపంచ వారసత్వంగా ప్రకటించింది 2024 జులైలో. ఆ సమావేశం జరిగింది ఢిల్లీలో. మిరిలో ఆ వార్త విని మా ఆఫీసులో కెన్యా (ఇక్కడి ఒక తెగ), చైనీస్, మలయ్ సహోద్యోగులు నాకూ అభినందనలు చెప్పారు, మీ ఊళ్లోనే ప్రకటించారు కదా అని.

తిరుగు ప్రయాణంలో సాయంత్రం అదే పడవ, అదే పెద్దాయన. ఈసారి నేనే ముందు అడిగాను: "ఒరాంగ్ మానా, పాక్‌చిక్?"

"నియా" అన్నాడు.

"అంతకు ముందు?"

"మా తాత సరిబాస్ నది నుంచి వచ్చాడు."

"అంతకు ముందు?"

"కాపువాస్. ఇప్పుడది ఇండోనేసియాలో ఉంది."

"అంతకు ముందు?"

ఆయన నా బురద ప్యాంటు వైపు చూసి, ఒడ్డు దగ్గర పడుతోందని ఇంజను ఆపి, చెయ్యి చాపాడు. "అంతకు ముందు సంగతి తర్వాత. రింగిట్ ఇయ్యి" అన్నాడు.