గదిలో మాట ఏమగును?

సీతాపహరణ వార్తను శ్రీరాముడు విన్న కొండ గనుక వినుకొండ అయినదని స్థలపురాణము. ఆ కొండపై పలికిన మాట గాలిలో కలిసిపోవును. క్రింది ఊరిలో, నాలుగు గోడల మధ్య, అదే మాట పదేపదే తిరిగివచ్చును.

జాషువా కవి వినుకొండలో జన్మించిన 1895వ సంవత్సరముననే అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమువారికి ఒక చిక్కు వచ్చినది. ఫాగ్ కళాభవనపు క్రొత్త ఉపన్యాసశాలలో పలికిన మాట ఐదున్నర సెకండ్లు మ్రోగుచుండెను. ఒకటి అణగకముందే మరి పది వచ్చిపడిన, వినువారికి తెలియునదేమి? సరిచేయు పనిని వాలెస్ సేబిన్ అను యువ అధ్యాపకునికి అప్పగించిరి.

సేబిన్ శాండర్సు నాటకశాల నుండి ఆసనముల పరుపులు తెప్పించి పరచి, ఆర్గను గొట్టమును మ్రోగించి ఆపి, ధ్వని అణగుటకు పట్టు కాలమును కొలిచెను. వీథులు సద్దుమణగిన అర్ధరాత్రి తరువాతనే ఈ పని. తెల్లవారుసరికి పరుపులు తిరిగి చేరవలెను. పరుపులన్నియు పరచగా 5.62 సెకండ్లు 1.14కు దిగెను. తన దుస్తులు మారినను లెక్క మారుచున్నదని గ్రహించి, వెనుకటి కొలతలను వేలకొలదిగా పారవేసెను. అందరును చేయగల పని కాదు.

మెత్తని వస్తువు చేయునదేమి? పీచుల సందులలో గాలి కదలుచు రాచుకొనును; ధ్వనిశక్తి వేడిగా మారును. పత్తి బేళ్లు నింపిన గోడౌనులో కేక వేసిన, మ్రోత లేకపోవుట ఇందుచేతనే.

1898లో సేబినుకు సూత్రము దొరికినది. గది ఘనమీటర్లను 0.161చే గుణించి, మొత్తము శోషణముచే భాగించిన, ధ్వనిశక్తి పదిలక్షవ వంతునకు దిగు కాలము వచ్చును. శోషణమునకు కొలత తెరచిన కిటికీ: బయటికి పోయినది తిరిగి రాదు గదా! 8, 6, 4 మీటర్ల తరగతిగదిలో గోడలు నూటికి 3 వంతులు మాత్రమే పీల్చుకొనినచో, ఈ కాలము సుమారు 5 సెకండ్లు. 4 చదరపు మీటర్ల కిటికీలు తెరచిన 3కు దిగును. ఒక్కొక్కరు 0.4 చొప్పున 40 మంది పిల్లలు కూర్చున్నచో, 1.2.

కాని ఏ గోడ నుండి ప్రతిధ్వని వచ్చుచున్నదో సూత్రము చెప్పదు. అందుకై సేబిన్ నాటకశాలల చిన్న నమూనాలలో విద్యుత్తు మెరుపుతో ధ్వని పుట్టించి, దాని తరంగమును ఫోటో తీసి, 1913లో ప్రకటించెను. 1968లో నార్వేలో క్రోక్‌స్టాడ్, మరి ఇద్దరు కంప్యూటరుపై ధ్వనిని కిరణములుగా నడిపిరి. గోడకు తగిలినప్పుడెల్ల కొంత శక్తి తగ్గును. 1979లో ఆలెన్, బర్క్‌లీ గోడలను అద్దములుగా భావించిరి. మంగలి షాపులో ఎదురెదురు అద్దములలో బొమ్మల వరుస కనబడునట్లు, గోడకావల ధ్వనికి ప్రతిబింబములు వరుసగా నిలుచును; దూరపు బొమ్మ ఆలస్యముగా, బలహీనముగా వినబడును.

అయితే మృదంగపు మంద్రధ్వనికి ఈ లెక్క చాలదు. సెకండుకు 100 కంపనముల ధ్వనికి తరంగదైర్ఘ్యము 3.4 మీటర్లు, అది స్తంభమును చుట్టి పోవును. అప్పుడు గదిని చిన్న చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడిలోని గాలి ఒత్తిడిని క్షణక్షణము లెక్కించవలసివచ్చును.